స్టెరోపి ముఖం

బొగ్గులమ్మే ముసలమ్మ మసి వేలు తెచ్చి తిన్నగా మైనపు బొమ్మ చేతిలోని జాడీ మీద పెట్టింది.

నాణేల అచ్చులు చెక్కే త్రాసోన్ ఆమె చెయ్యి పక్కకి నెట్టేశాడు. తొమ్మిది రోజుల పని!

"కళ్ళు నెత్తికెక్కాయా అవ్వా?"

"జాడీ అలా పట్టుకుంటే జారిపోతుంది బాబూ. దానికి ఎడమ పిడి ఊడిపోయింది. అడుగున చెయ్యి వెయ్యాలి."

సమ్మెట కొట్టే మ్నాసియాస్ పగలబడి నవ్వాడు. "ముప్ఫై ఒకటోది వచ్చిందిరోయ్! మిగతావాళ్ళు కనీసం స్నానం చేసి వచ్చారు!"

ముసలమ్మ బుట్ట గుమ్మరించి వెళ్ళిపోయింది.

గ్రీసులోని తెగియా ఊరికి కొత్త కంచు నాణెం వేస్తున్నారు. ఒకవైపు ఎథీనా దేవత. రెండోవైపు ఆ దేవత ఇచ్చిన జాడీతో కోటగోడ మీద నిలబడ్డ పూర్వకాలపు రాజకుమారి స్టెరోపి. జాడీలో గోర్గాన్ రాక్షసి జుట్టుపాయ ఉంటుంది. దాన్ని ఎత్తి చూపిస్తే చాలు, శత్రువు పారిపోతాడు. కానీ సొంతవాడైనా సరే, కన్నెత్తి చూస్తే నాశనమే.

ముప్ఫై ఏళ్ళ కిందట స్పార్టా సైన్యం చుట్టుముట్టినప్పుడు, ఎవరో ఆడమనిషి గుడిలోంచి ఆ జాడీ తెచ్చి గోడెక్కింది. శత్రువులు తోక ముడిచారు. ఊరంతా భయంతో కళ్ళు మూసుకుంది. అందుకే ఆమె ఎవరో ఎవరికీ తెలీదు.

ఆ రోజు త్రాసోన్ తల్లి ఒళ్ళో పసివాడు. నాణెం మీది స్టెరోపికి ఆ గోడెక్కిన ఆడమనిషి ముఖమే పెట్టాలని అతని పంతం. నేనంటే నేనని ముప్ఫైమంది వచ్చారు. ఒక్కరి మాటా అతనికి నమ్మబుద్ధి కాలేదు.

పది రోజులకి బొమ్మ పట్టుకెళ్ళి గుడి పూజారిణికి చూపించాడు.

"బాగుంది నాయనా. కానీ జాడీకి ఎడమ పిడి లేదు, ఊడిపోయింది."

"ఏమిటీ! ఆ సంగతి ఎవరికి తెలుసమ్మా?"

"ముసుగు తియ్యని జాడీ అది. నాకు తెలుసు. ఆ రోజు పట్టుకున్న మనిషికి తెలియాలి."

త్రాసోన్ మంచులో పడుతూ లేస్తూ కొండెక్కాడు. బొగ్గు బట్టీ దగ్గర ముసలమ్మ కోడలు ఎదురైంది.

"అత్తా? దగ్గు ముదిరిపోయింది బాబూ. మొన్ననే పూడ్చాం."

త్రాసోన్ తల బాదుకున్నాడు.

"ఎంత పాపం చేశాను! ఒక్కమాట చెప్పి ఉంటే ఊరు నెత్తిన పెట్టుకునేది కదమ్మా! ఎందుకు చెప్పలేదు?"

కోడలు అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది.

"'నేనే అని చెప్తే లోపల ఏం చూశావని అడుగుతారు. నిజం చెప్తే ఆ జాడీకి ఇంకెవడు భయపడతాడే?' అనేది. గోడెక్కే ముందు మూత తీసి చూసిందట బాబూ. లోపల ఒక్క వెంట్రుక కూడా లేదు. వట్టి జాడీనే ఎత్తి పట్టుకుని నిలబడింది."