నిలుపుగుడ్డ కింద

ఆ రోజుల్లో నిలుపుగుడ్డ లేని వంటిల్లు లేదు. అన్నం మీద కప్పి మీట నొక్కితే రోజులు గడిచినా చల్లారదు, పాడవదు. గాజువాకలో నూకరత్నం ఆ గుడ్డను భర్త గౌరునాయుడి మీద కప్పింది.

అతను నిన్న ఉదయం గుండె ఆగి చనిపోయాడు. ఒళ్లు ఇంకా వెచ్చగానే ఉంది. ఆమె గుడ్డ కింద అతని చేయి పట్టుకుని కూర్చుంది, ఆ గుడ్డను ఎవరినీ ముట్టనివ్వలేదు.

ఆడపడుచు ఎర్నమ్మ బతిమాలింది. "గుడ్డ తీసెయ్యి రత్నం. తమ్ముడింక లేడు."

"వెచ్చగా ఉన్నాడు వదినా. నువ్వే పట్టుకుని చూడు."

ఎర్నమ్మ ముఖం తిప్పుకుంది.

ఐదేళ్ల కూతురు చైత్ర వచ్చి తండ్రి అరచేతిలో వేలు పెట్టింది. రోజూ అతను ఆ వేలు గుప్పిట్లో బిగించి వదలకుండా ఆడించేవాడు. పాప కాసేపు ఎదురుచూసింది.

"అమ్మా, నాన్న పట్టుకోవట్లేదు."

నూకరత్నం మెల్లగా గుడ్డ తీసింది.

"మళ్లీ కప్పి వేగం మీట నొక్కనా? ఒక్క క్షణంలో ఒళ్లంతా చల్లారిపోతుంది. నువ్వు చూడలేవు," అంది ఎర్నమ్మ.

"వద్దు వదినా. ఎంతసేపు పడితే అంతసేపు పట్టనీ."

ముందు వేళ్లు చల్లబడ్డాయి, తర్వాత అరచెయ్యి. మధ్యాహ్నానికి మణికట్టు కూడా చల్లబడ్డాక, నూకరత్నం మొదటిసారి ఏడ్చింది.