శుక్రవారానికి మూడు తూటాలు

"చెయ్యి వణకనివ్వకు. నా చేతులు వణికేది చాలు," అన్నాడు కానల్లీ.

ఫెబి ఆ ముసలాయన పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది. పోర్ట్‌లీష్ దగ్గరి ఈ ఐరిష్ పల్లెలో ముసలివాళ్ళకి స్నానాలు చేయించి, అన్నం తినిపించి వెళ్ళడం ఆమె ఉద్యోగం. తూటాలు తయారుచేయడం అందులో ఎక్కడా లేదు.

బల్ల మీద పాత పిస్తోలు ఉంది. దానికి సరిపడే తూటాలు చేయడం కంపెనీలు మానేసి ఇరవై ఏళ్ళయిందట. ఎవరో పాత సరుకు దాచుకున్నవాళ్ళు అమ్ముతారు కానీ, ఆ ధర పెడితే వారమంతా పస్తే. అందుకని కానల్లీ వేరే రకం తూటాల ఖాళీ గొట్టాలు తెచ్చి, రెండు రోజులుగా కోసి, ఆకురాయితో అరగదీస్తున్నాడు. మూడు మాత్రం కుదిరాయి. ఇక వాటిలో మందు పోసి, మూతికి అట్టబిళ్ళ పెట్టి, మైనంతో మూసేయాలి. చూపు ఆనని ఆయనకు ఆ నల్లటి సన్నటి పలుకులు పోయడం చేతకాక ఫెబిని బతిమాలాడు.

"సీసం గుండు పెట్టరా?" అడిగింది.

"నా పనికి అక్కర్లేదు."

"ఏం పని?"

"నీకు తెలియకపోవడమే మంచిది. శుక్రవారానికి కావాలి, అంతే."

శుక్రవారం ఆయన భార్య నోరీన్‌ను పూడ్చే రోజు. సోమవారం వృద్ధాశ్రమంలో కోవిడ్‌తో పోయింది. చివరి నెలన్నరా ఆయన ఆమెను కిటికీ అద్దంలోంచే చూశాడు. ఆయన ఊపిరితిత్తుల జబ్బు మనిషి, సమాధి దగ్గరికి వెళ్ళడానికి వీల్లేదని డాక్టరు కచ్చితంగా చెప్పేశాడు. శవపేటిక కారు ఇంటి గేటు ముందు నుంచి పోతుంది. చూడదలచుకుంటే అక్కడే చూడాలి.

ఫెబి పెరట్లోకి వెళ్ళి, బోమాంట్ ఆసుపత్రిలో నర్సుగా ఉన్న అక్క దేవమణికి ఫోన్ చేసింది.

"అక్కా, ఈయన కాల్చుకుని చచ్చిపోతాడేమో. గుండు లేకపోయినా ప్రాణం పోవచ్చంట. నాకు చాలా భయంగా ఉంది."

"గార్డ్స్‌కి చెప్పేయవే. పోలీసులే చూసుకుంటారు."

"చెప్తే పిస్తోలుతో పాటు ఆయన్నీ తీసుకుపోతారు. ఆవిడ కారు వెళ్ళేటప్పుడు గేటు దగ్గర కూడా ఉండలేడు."

"జీపీ డాక్టరు?"

"ఫోన్‌లోనే మాట్లాడతాడంట. అదీ వచ్చే సోమవారం."

"మీ ఏజెన్సీ?"

"రెండు రోజుల్నుంచి ఎత్తట్లేదు."

"నన్నేం చెయ్యమంటావే? ఇక్కడ వార్డులో నాకే దిక్కు తోచట్లేదు. ప్రార్థన చేసుకో. డ్యూటీ టైమైంది." ఫోన్ పెట్టేసింది.

ఫెబి ప్రార్థన చేసుకుంది. లోపలికి వచ్చేసరికి హాల్లో ఫోన్ మోగుతోంది, అంత్యక్రియల వాళ్ళది. కానల్లీ కర్ర పట్టుకుని వెళ్ళాడు. పది నిమిషాల తరువాత తిరిగి వస్తే మూడు గొట్టాలూ నిండి ఉన్నాయి. బొటనవేలితో తడిమి చూసి, తల ఊపి, అట్టబిళ్ళలు నొక్కి, కొవ్వొత్తి వంచాడు.

"నువ్వు లేకపోతే ఏమయ్యేదో," అన్నాడు. ఫెబికి ఏడుపొచ్చింది.

శుక్రవారం పదకొండింటికి ఊరు ఊరంతా రోడ్డుకు రెండు పక్కలా, మనిషికీ మనిషికీ దూరం ఉంచి నిలబడింది. కానల్లీ పెళ్ళినాటి సూటు వేసుకుని గేటు దగ్గరికి వచ్చాడు. జేబులోంచి పిస్తోలు తీయగానే ఫెబి ఆయన మణికట్టు పట్టుకుంది.

"భయపడకు తల్లీ," అన్నాడాయన. "నలభై ఏళ్ళు ఈ ఊరి బడి పరుగు పందేలన్నీ నోరీన్ దీనితోనే మొదలుపెట్టింది. వీళ్ళందరూ ఈ మోతకి పరిగెత్తినవాళ్ళే. ఇవాళ ఆమెను నేను సాగనంపాలి. గార్డ్స్ అడిగితే నీకేం తెలియదనాలి కదా, అందుకే చెప్పలేదు."

ఫెబి చెయ్యి వదిలేసింది.

కారు మలుపు తిరిగింది. కానల్లీ పిస్తోలు ఆకాశానికి ఎత్తాడు. నెరిసిన తలలు, బట్టతలలు అన్నీ ఒక్కసారి నిటారుగా అయ్యాయి.

టప్. బీరకాయ తొడిమ విరిచినంత చప్పుడు. మళ్ళీ నొక్కాడు. మళ్ళీ అంతే. మూడోదీ అంతే. కారు ఆగలేదు, గేటు దాటి వెళ్ళిపోయింది. రోడ్డు మీద ఎవరూ కదల్లేదు.

"ఒక్క మోత కూడా ఇచ్చుకోలేకపోయాను దానికి," అని కానల్లీ గేటు పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. కాసేపటికి ఫెబి భుజం తట్టాడు. "మందు పాతదైపోయి ఉంటుంది. నీ తప్పేం లేదమ్మా."

ఫెబి ఆయన చేతిలోంచి పిస్తోలు తీసుకుని, ఆయన్ని ఇంట్లోకి నడిపించింది.

మూడింటిలోనూ ఆమె పోసింది ఆవాలు.