తప్పు ఒప్పుకునే వ్యాను

నా తప్పును మరొకరు ఒప్పేసుకుంటే, నాకు మిగిలేదేమిటి? అనకాపల్లి రోడ్డు పక్కన ఆగిన కంపెనీ వ్యానులో కూర్చుని నన్ను నేను ప్రశ్నించుకున్నాను.

మా వ్యాన్లు తమంతట తామే నడుస్తాయి. ఎవరికైనా తగిలితే వెంటనే, "పొరపాటు నాదే, క్షమించండి," అంటాయి. జనం చక్రాన్ని నాలుగు తన్నులు తన్ని శాంతిస్తారు. అది ఇప్పటి ఆనవాయితీ. ఈ ఉదయం మాత్రం, వ్యాను నిదానం భరించలేక, స్టీరింగ్ నేనే తీసుకున్నాను. మలుపులో వేగం తగ్గించలేదు. మామిడి తాండ్ర అమ్ముకునే పైడితల్లి గంపతో సహా ఎగిరిపడింది. ఆమె చెయ్యి విరిగింది. నేను నోరు తెరిచేలోగా వ్యాను క్షమాపణ చెప్పేసింది.

ఆసుపత్రి బండి కోసం గట్టు మీద కూర్చున్న పైడితల్లి నన్నే ఓదార్చింది. "నువ్వేటి సేస్తావు బాబూ? దీనికి బుద్ధి నేదు. నీకేటీ తగల్నేదు గదా?"

సూపర్‌వైజర్ సోమయాజులు గారికి ఫోన్ చేసి, నడిపింది నేనేనని చెప్పాను.

"బండి ఒప్పేసుకుంది కదండీ! మధ్యలో మీకెందుకు హడావిడి? మీరూ ఒప్పుకుంటే ఉద్యోగం పోతుంది. హాయిగా టిఫిన్ చేసి వచ్చేయండి."

వ్యాను బయటి స్పీకరులోంచి ఇంకా క్షమాపణ చెబుతూనే ఉంది. నా కంటే మర్యాదగా, బహుశా నా కంటే నిజాయితీగా కూడా. ఉద్యోగం పోవడాన్ని భరించగలను, పైడితల్లి జాలిని భరించలేనని నాకు తెలిసింది.

వ్యాను గొంతు కట్టేసి దిగాను. వెళ్లి ఆమె ఎదుట నేలమీద కూర్చున్నాను.

"బండి అబద్ధమాడిందమ్మా. నడిపింది నేను."