మడ అడవి మట్టి

ఎన్నూరు నుంచి పట్నం పోయే బస్సులో అనఘ పక్కన ఓ ముసలామె చేపల గంప దించి, ఉస్సురని కూలబడింది.

అనఘ ముక్కుకి చున్నీ అడ్డం పెట్టుకుని, థర్మోకోల్ పెట్టెని ఒళ్లోకి జరుపుకుంది.

"ఏంది పాపా అందులో, కేకా?"

"మట్టి."

"మట్టికి ఇంత మర్యాదనా?"

అనఘకి నవ్వొచ్చింది. "ఏటి పక్కన మడచెట్లు మళ్లీ పెంచినారు గదా, ఆడి మట్టి. గాలిలో కార్బన్‌ని ఎంత దాచుకుందో ల్యాబులో కొలవాల."

"కొలవకుంటే?"

"గోడౌన్ల కోసం ఆ మడంతా పూడ్చేస్తారు. లెక్క చూపిస్తేనే ఆపగలం. వేడి తగిలితే ఈ మట్టి చెడిపోతాది, లెక్క తప్పుతాది. అందుకే ఐసు పెట్టె."

ముసలామె గంపలో చేపల మీది ఐసు సర్దుకుంది.

పెట్టె సర్దింది అనఘతో పనిచేసే కేదార్. ల్యాబు తెరిపించాలని బైకు మీద ముందే వెళ్లిపోయాడు.

ట్రాఫిక్‌లో బస్సు ఆగిపోయింది. ఎండకి అనఘకి కునుకు పట్టింది.

కళ్లు తెరిచేసరికి పెట్టె కింద ఉంది. మూత ఊడి ఉంది. అందులో ముసలామె చెయ్యి, గుప్పెట్లో ఐసు.

"ఏం చేస్తుండావు? ఐసు దొంగిలిస్తావా?"

"లేదు పాపా, పెట్టె జారిపడితే చూసినా..."

"ముట్టుకోవద్దు. నీ చేపల కోసం మా కష్టమంతా నాశనం చేస్తావా?"

బస్సంతా తలా ఒక మాట అంది. వ్యాసర్పాడిలో కండక్టర్ విజిల్ వేశాడు.

"దిగమ్మా, ముందు దిగు."

మిట్టమధ్యాహ్నం. ముసలామె గంప నెత్తికెత్తుకుంది.

"మూత గట్టిగా పెట్టు పాపా," అని దిగిపోయింది.

దొంగతనం చేసి పైగా నీతులా, అనుకుంది అనఘ.

ల్యాబు గుమ్మంలో కేదార్ తల పట్టుకుని నిలబడ్డాడు.

"ఫోనెందుకు ఎత్తవు అనఘా? పెట్టెలో ఐసు వేసేదే మర్చిపోయినా. మట్టంతా చెడిపోయుంటాది."

"ఐసు ఉండాదే. నా కళ్లతో చూసినా."

మూత తీశారు. మట్టి గొట్టాల చుట్టూ నిండుగా ఐసు. మధ్యమధ్య చేప పొలుసులు.

అనఘకి తల కొట్టేసినట్టయింది. ఆమెని నలుగురిలో దొంగని చేసిన నోరు తనది. ఆ నోటితోనే క్షమించమని అడగాలని, దొరికిన ఆటో ఎక్కి వ్యాసర్పాడికి పరుగెత్తింది.

స్టాపులో పూలమ్మే కస్తూరి తప్ప ఎవరూ లేరు. చేపల గంప ముసలామె ఎటు పోయిందని అడిగింది.

"సెలీనానా? అప్పుడే పోయిందే. చేపలన్నీ వాసనొచ్చి ఒక్కరూ కొనలా, ఈడే పారబోసింది. ఐసేమాయె అంటే, మా మడచెట్లకి ఇచ్చేసినా అనింది."