ఆ కుర్చీ మీద కన్ను

ఆస్పత్రి వరండాలో అడుగు పెట్టగానే క్రేన్ డ్రైవర్‌కి ఒళ్ళు మండిపోయింది.

చివరి బెంచీ మీద వాడు మళ్ళీ కూర్చుని ఉన్నాడు.

వాడంటే ఇనుప గోదాములో ఇప్పుడు అతని క్రేన్ నడుపుతున్న మనిషి. ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరి డ్రైవర్ మంచాన పడితే, యజమాని తాత్కాలికంగా తెచ్చుకున్నాడు.

డ్రైవర్ చావు తప్పి బయటపడ్డాడు. కానీ ఊపిరి ఇంకా పూర్తిగా కుదుటపడలేదు. పైనున్న క్రేన్ కుర్చీ దక్కాలంటే దాని నిలువు నిచ్చెన ఎక్కాలి. ఎక్కొచ్చని డాక్టరమ్మ చెప్పాలి. ఆవిడ చెప్పాలంటే, వేలికి ఆక్సిజన్ కొలిచే క్లిప్పు తగిలించుకుని, ఆవిడ గడియారం చూస్తుండగా ఈ వరండాలో అటూ ఇటూ నడిచి చూపించాలి.

అలసిపోతే గోడకి ఆనుకుని ఆగొచ్చు, మళ్ళీ నడవొచ్చు. ఇంకో మనిషి చెయ్యి పట్టుకుంటే మాత్రం పరీక్ష చెల్లదు.

కొత్తవాడు ప్రతి పరీక్షకీ తయారు. ఎందుకొచ్చావని మొదట్లోనే నిలదీస్తే, "ఎలా ఉన్నావో చూసిపోదామని, అన్నా" అన్నాడు.

అద్దె ఇల్లు ఎప్పుడు ఖాళీ అవుతుందా అని వచ్చి చూసే మనిషిలా ఉంది ఆ చూపు.

పనివాళ్ళందరూ మొహం చాటేశారు, ఇతనొక్కడైనా వస్తున్నాడు కదా అని భార్య నచ్చజెప్పబోయింది. డ్రైవర్ ఆవిడ మీద కూడా విరుచుకుపడ్డాడు. రోగం తగ్గాక ఆయన నోటికి మాత్రం మంచి బలం వచ్చిందని ఆవిడ గొణుక్కుంది.

పరీక్ష మొదలైంది. ఆ రోజు డ్రైవర్ కోపం మీదే నడిచాడు. బెంచీ దగ్గరికి వెళ్ళిన ప్రతిసారీ పళ్ళు నూరుకుంటూ వెనక్కి తిరిగాడు.

నిదానంగా నడవమని డాక్టరమ్మ హెచ్చరించింది. అతను వినిపించుకోలేదు.

ఉన్నట్టుండి కళ్ళు బైర్లు కమ్మాయి. గోడ కోసం చెయ్యి చాచాడు. గోడ అందేలోపే కొత్తవాడు పరుగెత్తుకొచ్చి జబ్బ పట్టుకున్నాడు.

డాక్టరమ్మ గడియారం ఆపేసింది. ఇది లెక్కలోకి రాదు, వచ్చే నెల మళ్ళీ రమ్మంది.

డ్రైవర్ ఆ చేతిని విదిలించి కొట్టాడు.

"కావాలనే చేశావు. నా కుర్చీ మీద కన్నేసి, నేనెప్పుడు కూలబడతానా అని కాచుక్కూచున్నావు."

"పడిపోతావేమోనని భయమేసింది, అన్నా."

"ఎవడ్రా నీకు అన్న? నువ్వు మనిషివే అయితే రేపట్నుంచి నా క్రేన్ ఎక్కకు."

వరండా అంతా తిరిగి చూసింది. కొత్తవాడి మొహం మాడిపోయింది. మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

అరిచిన అరుపుకి డ్రైవర్‌కి ఆయాసం ముంచుకొచ్చింది. అయినా కసి తీరింది.

నెల తిరిగాక వచ్చేసరికి బెంచీ ఖాళీగా ఉంది. డ్రైవర్ ఎక్కడా ఆగకుండా నడిచాడు. ఇక నిచ్చెన ఎక్కొచ్చని డాక్టరమ్మ నవ్వుతూ చెప్పింది.

ఇంటికి కూడా వెళ్ళకుండా తిన్నగా గోదాముకి వచ్చాడు.

పైన క్రేన్ కుర్చీలో ఎవరో కుర్రవాడు కూర్చుని ఉన్నాడు.

యజమాని బావమరిది కొడుకట. పోయిన నెల నుంచి పర్మనెంటట.

"నా కుర్చీ ఇచ్చేస్తే నేనెక్కడికి పోవాలి?" డ్రైవర్ యజమాని గదిలోకి దూసుకెళ్ళాడు. "ఇన్నాళ్ళూ ఆగారు, ఈ ఒక్క నెల ఆగలేకపోయారా?"

"ఎలా ఆగను? ఆ కొత్తవాడు ఉన్నపళంగా మానేశాడు. క్రేన్ ఆగితే గోదాము మూసుకోవాల్సిందే."

"మానేశాడా? ఆ కుర్చీ కోసమే కదా వాడు ఆస్పత్రి చుట్టూ తిరిగింది."

యజమాని అతన్ని వింతగా చూశాడు.

"కుర్చీ నేనే ఇస్తానన్నానయ్యా, అతనే వద్దన్నాడు. నువ్వింక లేవవులే అని వేరేవాళ్ళని పెట్టుకోబోయిన ప్రతిసారీ, ఆస్పత్రి నుంచి తిన్నగా నా దగ్గరికొచ్చి, 'పోయినసారి కంటే బాగా నడిచాడు, ఇంకొన్నాళ్ళు ఆగండి' అని నన్ను ఆపుతూ వచ్చింది అతనే."