తాలీం తాళంచెవి

"గీ తాళ్లు ఎవడు కట్టిండు?"

దేవిదాస్ అరుపుకు బోధన్ తాలీంలో కసరత్తు చేసేవాళ్ల ఇనుప బిళ్లల చప్పుడు ఆగిపోయింది.

దూలానికి రెండు తాళ్లు వేలాడుతున్నాయి. ఒకదాన్ని పట్టుకొని వెనక్కి వాలి, బాలన్న తన ఒళ్లు తానే పైకి లాక్కుంటున్నాడు. చక్కెర ఫ్యాక్టరీలో చెరుకు బండ్లు తూకం వేసే బాలన్న, నలభై దాటిన బాలన్న, నడుం నొప్పని ఇనుము జోలికే రాని బాలన్న!

"నేనే కట్టిన బిడ్డా" అన్నాడు గోడవారగా కూర్చున్న ముసలాయన. తెల్లగడ్డం, మాసిన ధోవతి, తమ్మె తెగిన ఎడమ చెవి. పొద్దున్నే నాందేడ్ బస్సు దిగి వచ్చాడట.

"ఎవర్నడిగి కట్టినవ్?"

"అడగాల్సింది. తప్పే."

దేవిదాస్‌కు ఒళ్లు మండింది. తండ్రి లింగం పోయాక పాత మట్టిగోదా పూడ్పించి, హైదరాబాద్ నుంచి బార్లు, బెంచీలు తెప్పించింది తను. తీరా చూస్తే మనుషులు తగ్గిపోతున్నారు. ఒకడికి భుజం పట్టిందట, ఇంకొకడికి మోకాలు. తాళంచెవి వేరేవాళ్లకు ఇద్దామని కమిటీ పెద్దలు గుసగుసలు. మూలిగే నక్క మీద తాటిపండు పడ్డట్టు, ఇప్పుడీ తాళ్లాయన!

"తమ్మీ, ఇనుము లేపితే నడుం పట్టేస్తుండె" అన్నాడు బాలన్న. "దీనికి మన బరువే బరువు. ఎంత వాలితే అంత. నడుం అల్కగైంది."

"ఉయ్యాల ఊగితే కండలొస్తయా బాలన్నా?"

అందరూ నవ్వారు. ముసలాయన కూడా నవ్వాడు.

"ఇనుము చెడ్డదని నేనన్ననా బిడ్డా? అది కండ పెంచుతది. తాడు ఒళ్లంత ఒక్కటి చేస్తది. రెండూ ఉండాలె. సూడు."

లేచి తాడెక్కాడు. కాలివేళ్ల సందున తాడు బిగించి, చేతులు వదిలేసి, తలకిందులుగా వేలాడాడు. చేతులు కట్టుకున్నాడు. గడ్డం మొహాన్ని కప్పేసింది.

ఎవడో ఈల వేశాడు. ఆ ఈల దేవిదాస్ గుండెలో గుచ్చుకుంది.

"దిగు! చెరో తాడు పట్టుకుందాం. ముందు వదిలినోడు ఓడినట్టు. నువ్వు గెలిస్తే తాలీం చావి నీదే. ఓడినవా, బోధన్‌ల మళ్ల కనవడొద్దు!"

నోరు జారింది. అందరూ విన్నారు. మొలతాడుకు కట్టుకున్న తాళంచెవిని దేవిదాస్ తడుముకున్నాడు.

ముసలాయన దిగి, గోడకున్న ఫోటోను చాలాసేపు చూశాడు. తాలీం పెట్టిన ఆత్మారాం ఉస్తాద్ ఫోటో అది. సన్నటి గుంజ మీద చేతులు కట్టుకొని నిలబడ్డ పడుచువాడు, జుట్టంతా నిక్కబొడుచుకొని ఉంటుంది. చెవుల మీదుగా ఎండిన బంతిపూల దండ. ఉస్తాద్ మహారాష్ట్రలో ఎప్పుడో పోయాడని ఊరి నమ్మకం.

"పట్టు తాడు!" అన్నాడు దేవిదాస్.

ఇద్దరూ వేలాడారు.

కాసేపటికే దేవిదాస్ అరచేతులు మండాయి. ఏళ్లుగా పెంచిన కండే ఇప్పుడు కిందికి లాగుతోంది. పక్కకు చూశాడు. ముసలాయన చేతుల్లో వణుకు లేదు, మొహంలో చెమట లేదు.

పోయింది. తండ్రి చేతిలో పెట్టిన తాలీం పోయింది. దేవిదాస్‌కు కళ్ళల్లో నీళ్లు తిరిగాయి.

"బాపూ..." అన్నాడు, తనకే తెలియకుండా.

ముసలాయన తాడు వదిలేశాడు.

తాలీం దద్దరిల్లింది. దేవిదాస్‌ను భుజాల మీదికెత్తుకున్నారు. బాలన్న ఒక్కడే చప్పట్లు కొట్టలేదు.

ముసలాయన తాళ్లు విప్పి భుజాన వేసుకున్నాడు. గడప తాకి కళ్ళకద్దుకున్నాడు.

"మంచిగ నడుపు బిడ్డా. ఆ ఫోటో ఒక్కటి తలకిందులున్నది, సరిచెయ్."

వెళ్లిపోయాడు.

"ఓడిన కడుపుమంట! సక్కగున్న ఉస్తాద్‌ను తలకిందులంటడు" అని నవ్వి, దేవిదాస్ కొత్త దండ తెప్పించాడు.

"ఆయన చెప్పింది నిజమే తమ్మీ" అన్నాడు బాలన్న మెల్లగా. "మీ బాపు ఉన్నప్పుడు ఫోటోల తలకాయ కిందికే ఉండె. గోడలకు సున్నాలేసినప్పుడు నువ్వే తలకాయ పైకొచ్చేటట్టు మర్లవెట్టినవ్."

"బాపుకు సూపు ఆనక తప్పుగ పెట్టిండనుకున్న..."

అవతల నాందేడ్ బస్సు హారన్ కొట్టి కదిలింది.

దేవిదాస్ ఫోటో దించి, తిప్పి పట్టుకున్నాడు. గుంజ అనుకున్నది పైనుంచి దిగిన తాడు. కాలివేళ్ల సందున బిగిసి ఉంది. నిక్కబొడుచుకున్న జుట్టు కిందికి వేలాడుతోంది.

ఎండిన దండ జారి నేల మీద పడింది. ఇన్నాళ్లూ దాని చాటున ఉన్న ఉస్తాద్ ఎడమ చెవికి తమ్మె లేదు.