మెడ తిప్పితే ఏడ్చే బొమ్మ

దొంగతనానికి ఇసోకిచి వేరే సంచీ ఏమీ వెతుక్కోలేదు. పొట్టనే నమ్ముకున్నాడు.

మియాగి కొండల్లోని ఆ వేడినీటి ఊటల ఊళ్ళో వయసు మళ్ళాక ఆడామగా తేడా లేకుండా పొట్టకి ఉన్ని పట్టీ చుట్టుకుంటారు. జానెడు కొయ్యబొమ్మని అందులో దోపుకుని పైన చొక్కా వేసుకుంటే కన్నతల్లి కూడా కనిపెట్టలేదు.

ఊళ్ళోని కొకేషీ అనే కొయ్యబొమ్మల మ్యూజియం ఆ సాయంత్రంతో మూతపడుతోంది. యజమాని కుసాకబె బొమ్మలన్నిటినీ గంపగుత్తగా టోక్యో వ్యాపారికి అమ్మేశాడు. తెల్లారితే లారీ వస్తుంది. ఆ బొమ్మల్లో ఒకటి ఇసోకిచి తండ్రి చెక్కింది. కొడుకు పుట్టిన సంబరంలో పీకలదాకా తాగి, దాని ఎడమ కనుబొమ్మ వంకరగా గీశాడు. ఆ తర్వాత ఇంకో సీసా కోసం దాన్నే అమ్ముకున్నాడు. ఎలాంటివాడైనా తండ్రి తండ్రే. ఆయన చేతి పని ఈ భూమ్మీద మిగిలింది అదొక్కటే. పోయిన వారం ఇసోకిచి వెళ్ళి ఆ ఒక్కటీ ఇమ్మని కాళ్ళావేళ్ళా పడ్డాడు.

"ఒక్కటి తగ్గినా బేరం చెడుతుంది పెద్దాయనా," అన్నాడు కుసాకబె. "మా తాత ప్రాణంగా చూసుకున్న బొమ్మనే నేను ఉంచుకోవట్లేదు. ఇంక మీకెలా ఇస్తాను?"

"తాత బొమ్మని కూడా అమ్ముకుంటున్నావా! నీది గుండేనా, కొయ్యా?" అని తిట్టిపోసి వచ్చేశాడు. దొంగతనం చెయ్యాలని ఆ రాత్రే నిశ్చయించుకున్నాడు.

ఖాళీలో నిలబెట్టడానికి స్టేషన్ ఎదురు దుకాణంలో అలాంటిదే కొత్త బొమ్మ కొన్నాడు. "ఈ వారం ఏంటో, జానెడు బొమ్మలకి ఎక్కడలేని గిరాకీ!" అంటూ దుకాణంలో ఆవిడ తెగ సంబరపడింది.

మ్యూజియంలో టికెట్లిచ్చే మిత్సుయో ఒక్కతే ఉంది. ఏళ్ళ తరబడి ఆ బొమ్మల దుమ్ము తుడుస్తున్న మనిషి. ఒక్కోదాన్నీ పేరు పెట్టి పలకరిస్తుంది. గుమ్మంలోకి ఎవరొచ్చినా ముక్కు మోకాళ్ళకి తగిలేంతగా వంగి నమస్కరిస్తుంది. అలాంటిది ఆ రోజు తలాడించి ఊరుకుంది.

ఇసోకిచి కంగారుపడ్డాడు. పసిగట్టిందా? ఆ కంగారులో టికెట్ జారి ఆవిడ కాళ్ళ దగ్గర పడింది. ఆవిడ దానికేసి చూసింది తప్ప తియ్యలేదు.

"నడుము పట్టేసిందండీ. ఏమీ అనుకోకుండా మీరే తీసుకోండి."

"నిన్న చేపల కొట్టు దగ్గర లేడిపిల్లలా గెంతుతున్నావుగా?"

"నడుము మనకి చెప్పి పడుతుందా? వెళ్ళి మీ నాన్నగారి బొమ్మని కళ్ళారా చూసుకోండి. నేను అటువైపు రాను లెండి."

అటువైపు రానని ప్రత్యేకంగా ఎందుకు చెప్పినట్టు? ఇసోకిచికి అనుమానం పెరిగింది. కానీ లోపలికి వెళ్ళి చూస్తే అద్దాల బీరువా తలుపు తాళం తీసే ఉంది. వెతకబోయిన తీగ కాలికి తగిలినట్టయింది. వంకర కనుబొమ్మని పట్టీలో దోపుకుని కొత్త బొమ్మని దాని చోట పెట్టాడు. కొత్తది మరీ తళతళలాడుతోంది. ఎలారా దేవుడా అనుకుంటూ పరకాయించి చూస్తే, పై అరలో ఒకటి, కింది అరలో ఒకటి కూడా అలాగే మెరుస్తున్నాయి. అమ్మేముందు కుసాకబె రంగు వేయించి ఉంటాడు, వాటిలో ఇదీ కలిసిపోతుందిలే అని స్థిమితపడ్డాడు.

ఇక మిగిలింది ఒక్కటే గండం. ఈ ఊరి బొమ్మల మెడ తిరిగితే చాలు, పసిపాప ఏడ్చినట్టు కీచుమంటుంది. వాటికి పేరొచ్చిందే ఆ ఏడుపుతో. వంగితే పట్టీ బిగిసి మెడ తిరుగుతుంది. అందుకే ఎక్కడా వంగకూడదని ముందే అనుకుని, బూట్లు మానేసి చెప్పులేసుకొచ్చాడు. కర్ర మింగినవాడిలా నిటారుగా నడుచుకుంటూ బయల్దేరాడు.

గుమ్మం దగ్గర కుసాకబె నిలబడి ఉన్నాడు, పొట్ట మీద చెయ్యేసుకుని.

"రండి పెద్దాయనా, ఆఖరి సందర్శకులు మీరే! రాత్రి ఆ వ్యాపారి పెట్టిన విందు నాకు అరగలేదు గానీ, లేకపోతే కూర్చుని ఓ కప్పు టీ తాగేవాళ్ళం. మిత్సుయో, ఇన్నేళ్ళుగా వస్తున్న మనిషి. మర్యాదగా సాగనంపు."

మిత్సుయో వచ్చి ఎదురుగా నిలబడింది. "ఇన్నాళ్ళూ మా బొమ్మల్ని మర్చిపోకుండా వచ్చి చూశారు," అంది.

ఆ మాటకి వంగకుండా వెళ్ళిపోతే, దొంగతనం కన్నా అదే ఊళ్ళో పెద్ద కబురవుతుంది. నడుము నొప్పి అందామంటే ఆ సాకు ఆవిడ ముందే వాడేసుకుంది. ఇసోకిచి ఊపిరి బిగబట్టి, వీలైనంత తక్కువగా వంగాడు.

కీచ్!

డెబ్బై ఏళ్ళ మగవాడి కడుపులో పసిపాప ఏడ్చింది.

ఇసోకిచికి పోలీసుల కన్నా, తండ్రి బొమ్మ మళ్ళీ అరలోకి, అక్కణ్ణుంచి లారీలోకి పోవడమే కళ్ళముందు కదిలి ఏడుపొచ్చింది. మిత్సుయో అతని పొట్టకేసి చూసింది. ముఖంలోకి చూసింది. తర్వాత పట్టేసిన నడుముతోనే, ముక్కు మోకాళ్ళకి తగిలేంతగా వంగింది.

కీచ్!

ఈసారి ఏడ్చిన పాప ఆవిడ కడుపులోది.

దొరికిపోయిన ఇద్దరూ బిక్కచచ్చి యజమాని వైపు తిరిగారు. క్షమించమన్నట్టు ఒకేసారి వంగారు. పాపలిద్దరూ గొల్లుమన్నారు.

కుసాకబె ఎర్రబడ్డ ముఖంతో అలాగే నిలబడ్డాడు. కానీ ఎదుటివాళ్ళు అంతలా వంగి ఉంటే ఏ మర్యాదస్థుడైనా ఎంతసేపని స్తంభంలా ఉండగలడు? పొట్ట మీది చెయ్యి తీసి, ఉసూరుమంటూ తనూ వంగాడు.

అన్నిటికంటే గట్టిగా ఏడ్చింది, వాళ్ళ తాతగారి పాప.